చాచీ ఎక్కని సైకిలు

ఎండ ముదిరేకొద్దీ నా బాల్కనీలో నొప్పుల తైలం వాసన వస్తుంది. యాప్రాల్‌లో నేను అద్దెకుంటున్న ఈ ఇంట్లో నొప్పులున్నవాళ్లు ఎవరూ లేరు. ఉన్నదల్లా నేనూ, ఒక సైకిలూ, రెయిలింగుకు కట్టిన ఒక మడత సోలార్ ప్లేటూ. వాసన ఆ ప్లేటుది. నాలుగు నల్లటి పలకలు. విప్పితే చిన్న చాపంత, మడిస్తే లెక్కల పుస్తకమంత. వెనక ఉండాల్సిన రెక్సిన్ ఎప్పుడో చిరిగిపోయింది. దాని స్థానంలో పాత బొంత గుడ్డ ఒకటి చేత్తో కుట్టి ఉంది. కుట్టిన చేతులకు ఎప్పుడూ తైలం అంటుకుని ఉండేది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. పలకలు వేడెక్కాక గుడ్డలోంచి ఆ ఘాటు మెల్లగా లేచి, వంటింటి దాకా వస్తుంది. పక్కింటివాళ్లు నన్ను చిన్న వయసులోనే కీళ్లవాతం వచ్చిన మనిషి అనుకుంటున్నారు. నేను కాదనలేదు. జబ్బు మనిషిని అపార్టుమెంటు మీటింగులకు పిలవరు.

ఆ గుడ్డ కుట్టింది జుబేదా చాచీ. ఆమె జన్మలో సైకిలు ఎక్కలేదు. నాకు ఆమెతో సావాసం కుదిరేనాటికి సొంత గడప కూడా దాటలేని స్థితి. అయినా మేడ్చల్ చుట్టుపక్కల రోడ్లు నాకంటే ఆమే ఎక్కువ తిరిగిందని నా నమ్మకం. నేను చూసిన వాటిలో సగం ఆమె అడిగితే చూసినవే.

మేడ్చల్‌లో మా ఇంటి వెనక గోడకూ వాళ్ల కిటికీకీ మధ్య ఒక మేక దూరేంత సందు ఉండేది. ఆమె మంచం ఆ కిటికీ పక్కనే. భర్త మహమూద్ సార్ హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. భర్త సార్, భార్య చాచీ. మా వీధిలో వరసలకు ఎవరూ లెక్క అడగరు. ఇద్దరూ ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్లు, నేను కనబడితే తెలుగులోకి దిగేవాళ్లు, కోపమొస్తే మళ్లీ ఉర్దూలోకి ఎక్కేవాళ్లు. తిట్లు నాకు అర్థం కాకూడదని వాళ్ల ఉద్దేశం. మేడ్చల్‌లో పుట్టినవాడికి ఉర్దూలో ముందుగా వచ్చేవే అవి. చాచీ నన్ను మామూలుగా ‘మస్ఖరా’ అనేది, అంటే జోకరు అని. ఏదైనా గట్టి విషయం ఉంటేనే ‘నరేశ్’ అని పేరు పెట్టి పిలిచేది. నాకు మొదటిదే నచ్చేది. రెండోది వినబడితే ఏదో పని పడబోతోందని అర్థం.

సార్‌కు ఒకే ఒక వ్యసనం, సైకిలు మీద దూరాలు పోవడం. పందేలకు కాదు, ఊరికే. సెలవు దొరికితే చాలు, క్యారియర్ మీద దుప్పటీ, టిఫిన్ డబ్బా కట్టుకుని ఉత్తరానికో పడమటికో పోయేవాడు. రాత్రికి ఏ ఊళ్లో ఆగినా అక్కడి బడి వరండాలో పడుకునేవాడు. ప్రతి ఊళ్లో తెలిసిన లెక్కల సారు ఒకరు ఉండేవారు; లెక్కల సార్లది ఒక రహస్య సంఘమని నా అనుమానం. రెండు వేల తొమ్మిదిలో అట్లా ఒక ఆదివారం నర్సాపూర్ అడివి వైపు పోయినప్పుడు, మధ్యాహ్నానికి ఆయన ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. ఇక్కడ ఇంట్లో చాచీ బాత్రూంలో జారి పడింది. ఫోను చేతికి అందేంత దూరంలోనే ఉంది. నేల మీద పడుకునే ఆయనకు చేస్తూ పోయింది. సాయంత్రం మా అమ్మ గిన్నె తిరిగి ఇద్దామని పోయి చూసేదాకా ఆమె అట్లాగే ఉంది. ఆ తర్వాత ఆసుపత్రులు, నడుముకు ఆపరేషన్, చివరికి మంచం. “స్విచాఫ్ అని చెప్పే పిల్ల ఉంటది సూడు, దాని గొంతు నాకు మా చెల్లె గొంతు కంటె మంచిగ తెలుసు” అని చాచీ అనేది. ఆ పిల్లను అచ్చంగా అనుకరించేది కూడా. మేం నవ్వేవాళ్లం. సార్ మాత్రం ఆ సమయానికి ఎప్పుడూ వంటింట్లో ఏదో పని మీద ఉండేవాడు.

సార్ సైకిలును వరండా గోడకు మేకులు కొట్టి వేలాడదీశాడు. రెండేళ్లు దాని మీద తువ్వాళ్లు ఆరాయి. ఆయన బడికి పోవడం, ఇంటికి రావడం, చాచీ మంచం పక్కన కుర్చీలో కూర్చోవడం. ఆ కుర్చీలో ఆయన ఎట్లా కూర్చునేవాడంటే, శిక్ష పడిన పిల్లవాడు బల్ల మీద నిలబడినట్టు. చివరికి చాచీకే విసుగొచ్చింది. ఒకరోజు నేను మా గోడ మీద కూర్చుని జామకాయ తింటుంటే, కిటికీలోంచి వాళ్ల మాటలు వినబడ్డాయి.

“అజీ, మీరు గిట్లనే కూసుంటె ఈ ఇంట్ల ఇద్దరు పేషెంట్లయితరు. నన్ను సూసెటానికి పక్కింటామె ఉన్నది. మిమ్మల్ని ఎవరు సూస్తరు?”

“నేనేడికి పోను జుబేదా. ఫోను బందయితె?”

“బంద్ కాకుండ సూస్కోండ్రి. మీరు లెక్కల మనిషే కద.”

తర్వాత ఆమె కిటికీ వైపు తిరిగింది. “గోడ మీది మస్ఖరా, ఇన్నది సాలు. నీకు సైకిలుందా?”

ఉంది. డిగ్రీ చివరి ఏడాది, తీరిక కూడా ఉంది. “నాకు మీ ఇంటి గోడ ఇరవై నాలుగు గంటలు కనవడ్తది” అంది చాచీ. “నా నిఖా ఫోటువ కంటె మీ గోడనే ఎక్కువ సూసిన. సున్నమన్న ఎయ్యరు. ఈయనతోని పోయి నాకు వేరే ఏమన్న సూపెట్టు బేటా.” నేనప్పుడు దాన్ని ఒక సరదా అనుకున్నాను. సార్ మాత్రం వరండాలోకి పోయి సైకిలు మీది తువ్వాళ్లు తీశాడు.

వారం తిరక్కముందే సికింద్రాబాద్ నుంచి ఈ సోలార్ ప్లేటు వచ్చింది. సార్ దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతుల మీద తెచ్చాడు. చాచీ దాన్ని మంచం మీదే తిప్పి చూసి, “ఎండ తాగి కరెంటు ఇస్తదా? గడ్డి తిని పాలిచ్చె మేక లెక్కుంది” అని, క్యారియర్‌కు కట్టడానికి అంచులకు గుడ్డతో కొక్కేలు కుట్టింది. బొంత గుడ్డ తర్వాత, మొదటి వానాకాలం రెక్సిన్‌ను తినేశాక. ఆమె పడుకునే కుట్టేది. చేతులు ముఖానికి ఎదురుగా ఎత్తిపట్టి, సూది కళ్ల మీద పడుతుందేమో అన్నంత దగ్గరగా. ఏర్పాటు తేలికే. సార్ సైకిలు వెనక ప్లేటు, దాన్నుంచి ఒక వైరు, వైరు చివర ఫోను. ఆగిన ప్రతిచోటా ఇంటికి ఫోన్ చేయాలి. ఒకే కంపెనీ సిమ్ములు కాబట్టి ఎంతసేపు మాట్లాడినా ఫరవాలేదు. ఒక్కటే నియమం. మాటల మధ్యలో ఆమె నిద్రపోయినా మేం పెట్టేయకూడదు. మందుల వల్ల ఆమెకు అట్లా మధ్యమధ్య కునుకు పట్టేది. “నేను లేవంగనె మళ్ల రోడ్డు మీదనే ఉండాలె” అనేది.

మొదటిసారి తూప్రాన్ రోడ్డు మీద పోయాం. ఒక చోట ఆగి సార్ ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టి.

“ఏం కనవడ్తాంది?” అంది చాచీ.

“రోడ్డు.”

“ఇంక?”

“చెట్లు. కుడి పక్కకు. ఎడమ పక్కకు గూడ.”

“నడుమల?”

“చెప్పిన కద. రోడ్డు.”

“అజీ, మీ పోరగాండ్లు లెక్కలల్ల ఎందుకు తప్పుతరో నాకిప్పుడు సమజైంది. గా మస్ఖరాకియ్యుండ్రి ఫోను.”

నేను రెచ్చిపోయాను. క్రికెట్ కామెంటరీ చెప్పేవాడిలా ఎత్తుకున్నాను. “చాచీ, ఎడమ దిక్కు ఒక బర్రె. మమ్మల్నే చూస్తాంది. సార్‌ను గుర్తు పట్టింది. ఎక్కమడుగుతడని మొఖం తిప్పుకుంది.” చాచీ నవ్వింది, నవ్వి దగ్గింది. నాకు ఇంకా ఊపొచ్చింది. బర్రెకు పేరు పెట్టాను, ఊరు పెట్టాను, ఓటరు కార్డు ఇప్పించాను. అప్పుడు ఆమె దగ్గు ఆపుకుని నెమ్మదిగా అంది.

“నవ్విచ్చింది సాలు నరేశ్. ఇగ సూపెట్టు.”

“ఏం సూపెట్టాలె చాచీ, బర్రెనా?”

“బర్రెనే. దాని మీద ఏమన్న కూసుందా?”

చూశాను. “పిట్ట కూసుంది.”

“ఏం పిట్ట?”

“నల్లది.”

“బర్రె నల్లగనే ఉండె, పిట్ట నల్లగనే ఉండె. ఇగ నాకేం కనవడ్తది? తోక సూడు.”

అప్పుడు చూశాను. తోక చివర రెండుగా చీలి, కొనలు బయటికి వంగి ఉన్నాయి. అది చెప్పగానే “పసులపోలిగాడు” అంది చాచీ, ఇంటికొచ్చిన చుట్టం పేరు చెప్పినంత సంతోషంగా. ఇరవై ఏళ్లుగా నేను ఆ పిట్ట కిందనుంచి బడికీ కాలేజీకీ పోతున్నాను. దానికో పేరుందని, తోక అట్లా ఉంటుందని, మంచంలో ఉన్న మనిషి ఫోన్లో చెప్తే తెలిసింది. సిగ్గుపడాల్సిన సందర్భమే కానీ, నేను సిగ్గుపడే అలవాటు ఉన్న మనిషిని కాను. “బర్రె అడ్రసు గూడ తెలుసా చాచీ?” అన్నాను. “మస్ఖరా” అంది. పేరు మారింది కాబట్టి పని అయిపోయిందనుకున్నాను. నిజానికి పని అప్పుడే మొదలైంది.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఫోను ఆగిపోయింది. పోయేటప్పుడు నిండుగా ఉన్నది, వచ్చేటప్పుడు గీత తర్వాత గీత తగ్గుతూ మేడ్చల్‌కు చాలా ముందే నల్లబడింది. ప్లేటు విప్పే ఉంది, ఎండ కొడుతూనే ఉంది. సార్ దిగి వైరు పీకి పెట్టాడు, ఊదాడు, చొక్కాకు తుడిచాడు. తర్వాత ఫోన్‌ను జేబులో వేసుకుని సైకిలెక్కాడు. యాభై దాటిన మనిషి అట్లా తొక్కగలడని నాకు తెలియదు. నేను కేక వేసినా తిరిగి చూడలేదు. వాళ్ల ఇంటి ముందు సైకిలును నిలబెట్టకుండా అట్లాగే వదిలేసి లోపలికి పోయాడు. నేను వెనకే వచ్చి చూసేసరికి చాచీ మంచంలో పడుకుని మా అమ్మ తినిపించే దానిమ్మ గింజలు నములుతోంది. “ఏమైంది, కుక్క తరిమిందా?” అంది. సార్ నేల మీద కూర్చుని మంచం కోడును పట్టుకున్నాడు. నేను ఒక జోకు వేశాను. ఏమిటో గుర్తు లేదు, ఎవరూ నవ్వలేదు. చాచీ తినడం ఆపి, చెయ్యి కిందికి జార్చి ఆయన తల మీద పెట్టింది. కొన్ని గదుల్లోకి జోకు కూడా చెప్పులు విప్పి రావాలని నాకు ఆ రోజు తెలిసింది.

మర్నాడు సార్ ప్లేటును దుకాణంలో తిరిగి ఇచ్చేస్తానని పట్టుబట్టాడు. పాడైన సరుకు అంటగట్టారని ఆయన వాదన. కిటికీ దగ్గర నిలబడి దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే చాచీ అంది, “జరగుండ్రి. పెండ్లయినకాడికెళ్లి నా ఎండకు అడ్డమే నిలవడ్తరు.” ఆయన పక్కకు జరిగాడు. ఆమె ఆయన ఉన్న చోటును, దుప్పటి మీద పడిన వెలుగును మార్చి మార్చి చూసింది.

“నిన్న పోయెటప్పుడు ఎండ మీకు ఎన్కకుండెనా, ముంగటుండెనా?”

“ఎన్కకు. ఉత్తరానికి పోయినం కద.”

“వచ్చెటప్పుడు?”

“ముంగట.”

“మరి మీ వీపు నీడ ఏడ పడ్తది?”

క్యారియర్ మీద పడుతుంది. దారి పొడుగునా ఆయన తన నీడనే ప్లేటు మీద కప్పుకుంటూ వచ్చాడు. ఎంత తొందరగా తొక్కినా అది వదలలేదు. ఆ సాయంత్రమే హ్యాండిల్‌కు ఒక ఎర్ర ప్లాస్టిక్ బుట్ట బిగించాం, ఆడపిల్లల సైకిళ్లకు ఉండేది. ఉత్తరానికి పోతే ప్లేటు వెనక, దక్షిణానికి వస్తే బుట్టలో. బడి పిల్లలు ఆ బుట్టను చూసి ఏమనుకున్నారో సార్ చెప్పలేదు కానీ, కొన్నాళ్లు ఆయన ఇంపోజిషన్లు ఎక్కువ రాయించాడు.

ఆ తర్వాత రెండేళ్లు తిరిగాం. దసరా సెలవుల్లో మంజీర ఒడ్డు దాకా, మూడు రోజులు. ఆ రోజుల్లో ఊళ్లలో పగటి కరెంటు చుట్టపుచూపుగా వచ్చేది. మేం ఏ అరుగు మీదనో ప్లేటు విప్పితే చాలు, చచ్చిన ఫోన్లు పట్టుకుని జనం వచ్చేవాళ్లు. సార్ అందరికీ పెట్టనిచ్చేవాడు. “ముందు మా ఇంటామెది” అని మాత్రం చెప్పేవాడు. ఒకసారి ఎండకు ఫోను కాలిపోయేంత వేడెక్కితే భయపడి, చల్లబడుతుందని టిఫిన్ డబ్బాలో పెరుగన్నం పై గిన్నెలో పెట్టి మూతేశాడు. చెమ్మ పట్టిన ఆ ఫోన్‌తోనే సాయంత్రం మాట్లాడితే చాచీ అంది, “అజీ, మీ గొంతు పులిసింది.”

నాకు మాత్రం అది బడే. ‘మస్తుగుంది’ అనకూడదు. “మస్తు అంటె ఏం రంగు?” అని అడిగేది. ‘చాలా మంది’ అనకూడదు. అందులో ఒక్కరిని పట్టుకుని చెప్పాలి, చెప్పులున్నాయా లేదా కూడా. రావల్కోల్ వైపు ద్రాక్ష తోటలు కొట్టేసి ప్లాట్లు చేస్తున్నారని చూసి, ఒకసారి నేను గొంతు బరువు చేసుకుని “తోటలు ఏడుస్తున్నయి చాచీ” అన్నాను. “తోట ఏడ్వది. హద్దురాళ్లు పాతిన్రా? తెల్లరంగేసిన్రా? గది చెప్పు” అంది. చూస్తే రాళ్లు పాతారు. తెల్లరంగు పైన, ఎర్ర గీత కింద. తీసేసిన పందిరి తీగలు చుట్టలు చుట్టి ఒక మూలకు పడేసి ఉన్నాయి, ఒక చుట్టలో కోడి గుడ్లు పెట్టుకుంది. అవి వరసగా చెప్పుకుంటూ పోయాను. అంతా విని ఆమె, “ఇప్పుడు ఏడ్వొచ్చు” అంది. నేను అందరి నాటకాలకూ గాలి తీసేవాడిననే పేరు నాకు వీధిలో ఉంది. నా నాటకానికి గాలి తీసిన మనిషి ఆమె ఒక్కతే.

ఎటు పొమ్మన్నా పొమ్మనేది కానీ, శామీర్‌పేట చెరువు వైపు మాత్రం పోనిచ్చేది కాదు. అది మాకు దగ్గర, సైకిలు మీద గంట దారి. ఆమె పుట్టింది ఆ చెరువు పక్కనే. ఎందుకొద్దు అని ఒకసారి అడిగాను. “అది నా దగ్గరున్నది బేటా. కండ్లు మూసుకుంటె మొత్తం ఉన్నది. నువ్వు పోయి తప్పు సూపెట్టినవనుకో, ఉన్నది గూడ పోతది” అంది. నేను నవ్వలేదు. అప్పటికి ఎక్కడ నవ్వకూడదో కొంచెం నేర్చుకున్నాను.

రెండు వేల పదమూడు చలికాలానికి చాచీ బాగా తగ్గిపోయింది. వీపు మీద పుండ్లు, వాటితో జ్వరం, ఆసుపత్రికి పోవడం, రావడం. చివరికి డాక్టర్లు ఇంట్లోనే ఉంచుకోమన్నారు. సార్ ప్లేటు మడిచి బీరువా మీద పెట్టేశాడు. ఒక శనివారం నేను పోయినప్పుడు ఆమె నా వైపు కాకుండా మా గోడ వైపే చూస్తూ అంది, “నరేశ్, రేపు శామీర్‌పేట పొండ్రి.”

సార్ తల అడ్డంగా ఊపాడు. ఉర్దూలో ఏదో అన్నాడు. తిట్టు కాదు కాబట్టి నాకు సరిగా అర్థం కాలేదు. ఆమె ఆయనకు తెలుగులోనే జవాబిచ్చింది, నేను వినాలని కాబోలు. “దూరం కాదు కద అజీ. ప్లేటు పట్టుకపోండ్రి. ఫోను బంద్ కాదు. వీళ్లమ్మ నా పక్కకే కూసుంటది. ఇంక మీ కండ్లతోని నేను సూడంది అదొక్కటే.”

“నీ దగ్గర ఉన్నది పోతె?” అన్నాను.

“పోతె పోనీ. ఎన్ని రోజులని దాసిపెట్టుకోవాలె.”

మర్నాడు పొద్దునే పోయాం. తూర్పుకు పోవాలి, ఎండ ఎదురుగా, ప్లేటు బుట్టలో. చెరువు కట్ట మీద సైకిళ్లు పెట్టాం. సార్ ప్లేటును ఎండకు వాలుగా రాళ్ల మీద పరిచి దాని పక్కన చతికిలబడ్డాడు. నేను ఫోన్ చేశాను. మా అమ్మ ఎత్తి, దాన్ని చాచీ చెవి దగ్గర దిండు మీద పెట్టింది.

“చెప్పు” అంది చాచీ. గొంతు సన్నగా, దగ్గరగా ఉంది.

“కట్ట మీద ఉన్నం చాచీ. రాళ్లు నల్లగున్నయి. కింద, నీళ్లు తాకిన కాడ పాకురు పట్టి ఎండిపోయింది.”

“నీళ్లేడిదాక ఉన్నయి?”

అక్కడే ఆగాను. నీళ్లు లేవు. ఉన్నాయి కానీ చాలా వెనక్కి పోయాయి. ఆమె కళ్లు మూసుకుంటే కనబడే చెరువు నిండుగా ఉంటుందని నాకు తెలుసు. సార్ వైపు చూశాను. ఆయన ప్లేటు మీదినుంచి చూపు ఎత్తకుండానే అన్నాడు, “ఉన్నదున్నట్టు చెప్పు. లేకపోతె పట్టుకుంటది.”

“దూరం పోయినయి చాచీ. ఇటంత బురద ఎండి పలకలు పలకలుగ పగిలింది. పగుళ్లల్ల గడ్డి మొలిచింది. మేకలు మేస్తున్నయి, ఒకదాని మెడకు గంట లేదు, డబ్బా మూత కట్టిన్రు.”

అవతల ఊపిరి వినబడుతోంది. ఆమె దగ్గరున్న చెరువు పోయిందేమో అనుకున్నాను.

“నీళ్లు పోతె మా అమ్మ బట్టలు పిండిన బండ బయటవడాలె” అంది. “బల్ల లెక్కుంటది. ఒక దిక్కు మూల ఇరిగి ఉంటది.”

కట్ట దిగి పోయాను. రాళ్లు చాలా ఉన్నాయి. ఏదో ఒకటి ఉందని చెప్పేయడం తేలిక. వెతికాను. సార్ కూడా నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. కొంచెం అవతల, బురదలో సగం కూరుకుపోయి ఒకటి దొరికింది. వెడల్పుగా, చదునుగా, ఒక మూల విరిగి.

“ఉన్నది చాచీ. మూల ఇరిగింది. దాని మీద ఒక కుక్క పండుకున్నది. ఎర్రది, ఒక చెవి కిందికి ఏలాడుతాంది. లేపాల్నా?”

చాచీ నవ్వింది. ఆ నవ్వు చిన్నదే, దగ్గు రాలేదు. “పండుకోనియ్యి” అంది.

నీళ్ల వైపు తిరిగాను. “ఒకాయన లారీ ట్యూబుల కూసుని చెరువుల పోతాండు చాచీ. వల వొళ్లె పెట్టుకున్నడు. రెండు చేతులతోని నీళ్లను ఎన్కకు నూకుతాండు. కాళ్లు ట్యూబు బయట ఏలాడుతున్నయి, మడిమలు నీళ్లకు తాకుతున్నయి.”

“ఎటు పోతాండు?”

“ఎండ మెరుస్తాంది కద, అటు. ఇగ కనవడ్తలేడు. మెరుపులకు పోయిండు.”

“మళ్ల కనవడితె చెప్పు” అంది చాచీ.

తర్వాత ఆమె మాట్లాడలేదు. నిద్ర పట్టిందనుకున్నాను. ఫోను పెట్టేయకూడదు, లేవగానే రోడ్డు మీద ఉండాలి. అందుకని మెల్లగా చెప్తూనే ఉన్నాను. అవతలి ఒడ్డున జింకల పార్కు చెట్లు, మోటారు పైపు నుంచి కారే నీళ్లు, అంచున నిలబడ్డ ఒక తెల్ల పిట్ట. సార్ ప్లేటును కొంచెం కొంచెంగా ఎండకు తిప్పుతూ, తన నీడ పడకుండా పక్కకు జరుగుతూ కూర్చున్నాడు. చివరికి మెరుపులోంచి ఆ ట్యూబు మనిషి బయటికి వచ్చాడు, ఈసారి మా వైపే, వల తడిసి బరువుగా. “చాచీ, ఒచ్చిండు” అన్నాను. “చాచీ, కనవడ్తాండు.”

మా అమ్మ గొంతు వినబడింది. “నరేశా, సార్‌ను జల్దీ ఇంటికి తోల్కరా బిడ్డా.” ఆమె కూడా చాచీ నిద్రపోయిందనే అనుకుని, పక్కన కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ ఉందట. దుప్పటి సర్దబోయి చెయ్యి తగిలితే తెలిసిందట.

నా చేతిలో ఫోన్‌లో చార్జింగ్ నిండుగా ఉంది. అన్ని గీతలూ వెలుగుతున్నాయి. సార్ ఫోను నా చేతిలోంచి తీసుకుని ఆ గీతలనే చూశాడు. తర్వాత ప్లేటును, ఎప్పుడూ మడిచే వరసలోనే, తొందర లేకుండా మడిచాడు. ఆ రోజు ఆయన వేగంగా తొక్కలేదు. నేను వెనక వస్తూ ఆయన వీపు చూస్తూ వచ్చాను. ఏదైనా అనాలనిపించింది. నా దగ్గర ఎప్పుడూ ఉండే సరుకు ఆ రోజు ఒక్కటీ దొరకలేదు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక సార్ నన్ను పిలిచి చాచీ మంచం ఉన్న గదిలో కూర్చోబెట్టాడు. మంచం తీసేశారు, నేల మీద నాలుగు కోళ్ల గుర్తులు ఉన్నాయి. “ఆ రోజు చెప్పింది మొత్తం మళ్ల చెప్పు. ఆమె ఏడిదాక ఇన్నదో నాకు తెల్వాలె” అన్నాడు. చెప్పాను. రాళ్లు, మేకలు, బండ, కుక్క. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ట్యూబు మనిషి దగ్గరికి వచ్చాక వరస మార్చొచ్చని నాకు తోచింది. ఆ మనిషి మెరుపులోంచి వచ్చింది ముందు, మిగతావన్నీ తర్వాత అని చెప్తే చాలు, చాచీ అది వినే పోయినట్టవుతుంది, ఎవరికి తెలుస్తుంది? కానీ ఆ గదిలో ఆ పని చేయడం చేతకాలేదు. ఉన్న వరసలోనే చెప్పాను. అవతలి ఒడ్డు చెట్లు, మోటారు పైపు, తెల్ల పిట్ట.

సార్ కళ్లు తెరిచాడు. “పిట్ట అనే అన్నవా?”

“పిట్ట అనే అన్న సార్.”

“ఏం పిట్ట అని అడగలేదా?”

“అడగలేదు.”

ఆయన కిటికీలోంచి మా గోడను చూస్తూ ఉండిపోయాడు. చాచీ పోయాక ఆ గోడకు మేం సున్నం వేయించాం. ఎందుకు వేయించామో మా ఇంట్లో ఎవరమూ మాట్లాడుకోలేదు. “అయితె అంతకు ముందే” అన్నాడు సార్. కాసేపటికి, “ఏం పిట్ట?” అని అడిగాడు.

“కొంగ సార్. తెల్ల కొంగ. రెండు కాళ్ల మీదనే నిలవడ్డది, ముక్కు పసుపుపచ్చగుంది.”

“అచ్చా” అన్నాడు.

సార్ ఉద్యోగం అయిపోయాక జహీరాబాద్‌లో తమ్ముడి దగ్గరికి పోయాడు. పోతూ ప్లేటును నాకిచ్చాడు. బుట్ట మాత్రం సైకిలుకే ఉంచుకున్నాడు. ఆదివారం పూట ఆయనే ఫోన్ చేస్తాడు. “రోడ్డు మీద ఉన్న. కుడి పక్కకు చెరుకు. పూత తెల్లగొచ్చింది, ఇంక కొయ్యలే. గట్టు మీద ఒకామె గొడుగు కింద కూసుని రేడియో ఇంటాంది” అంటాడు. అంతా విని నేను, “గొడుగు ఏం రంగు సార్?” అంటాను. ఆయన చూసి చెప్తాడు.

నేను రాసేవాటిలో హాస్యం ఉంటుందంటారు. నిజమే, అది నా పుట్టుమచ్చ. కానీ ఒక వాక్యం రాసి, నవ్వించింది చాలు అనిపించి, మళ్లీ చూడ్డానికి పోయేటప్పుడు మాత్రం నేను ఒంటరిగా ఉండను. మనం చెప్పేదాన్ని అవతలివాళ్లు ఏ మాట దాకా వింటారో మన చేతిలో లేదు. అందుకని ఏ మాటనూ ‘పిట్ట’ అని వదిలేయలేను.

ఇప్పుడు ప్లేటు వేడెక్కింది. తైలం వాసన గదిలోకి వచ్చింది. బాల్కనీలోకి పోయి చూస్తే నా తల నీడ పలకల మీద పడుతోంది, పక్కకు జరిగాను. ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద ఒక కాకి ఉంది. బొంత కాకి కాదు, మెడ దగ్గర బూడిద రంగున్న మామూలు కాకి. నోట్లో ఇనప తీగ ముక్క. గూటికి కాబోలు.